గ్యాప్ తర్వాత మళ్ళీ సైకిల్ టైమ్ ట్రయల్‌కి ఎలా రావాలి: ఫిట్ అయ్యేదాకా ఆగకుండా

పెళ్ళి, పిల్లలు, ప్రాజెక్టులు, కరోనా, నడుం నొప్పి, ఊరు మారడం, కారణం ఏదైనా కానీండి, ఒకప్పుడు ఆదివారం తెల్లారకముందే వీపుకి నంబర్ పెట్టుకొని గడియారంతో ఒంటరిగా కొట్లాడినోళ్ళు సైకిల్ని బాల్కనీలో ఓ మూలకి నెట్టేసి, ఐదేళ్ళో పదేళ్ళో గడిచాక "మళ్ళీ దిగితే ఎలా ఉంటుంది" అనుకుంటుంటే ఇది మీకోసం. కొత్తగా సైకిల్ కొన్నవాళ్ళకి కాదు, వాళ్ళకి పోగొట్టుకున్నదేం లేదు కాబట్టి వాళ్ళ పని సులువు. మనకే పాత టైమింగులు గుర్తుండి చంపుతాయి.

నిజానికి తిరిగొచ్చేవాళ్ళకి రేసుల్లో టైమ్ ట్రయల్ అంత అనువైంది ఇంకోటి లేదు. రోడ్ రేసుకి వెళ్తే మొదటి ఎత్తు దగ్గరే గుంపు వదిలేసి పోతుంది, మిగతా 60 కిలోమీటర్లు ఒక్కరే తొక్కుకుంటూ ఇంటికొస్తారు, పైగా గుంపులో పడిపోతే కాలర్ బోన్ ఖర్చు. టీటీలో, అంటే టైమ్ ట్రయల్‌లో, అందరూ నిమిషానికొకరు చొప్పున వెళ్తారు, పోటీ గడియారంతోనే, మిమ్మల్ని వదిలేసి పోవడానికి పక్కన ఎవరూ ఉండరు. నా సలహా అంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఫిట్ అయ్యాక ఎంట్రీ వేద్దాం అనుకోకండి, ఐదారు వారాల్లో ఉన్న ఈవెంట్‌కి ఇప్పుడే పేరిచ్చేయండి, టైమ్ చెత్తగా వస్తుందని తెలిసే వెళ్ళండి. ఎందుకో కింద చెప్తా.

ముందు కొంచెం లెక్క, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే సగం భయం పోతుంది. గాలిని చీల్చుకుపోవడానికి కావాల్సిన పవర్ స్పీడుకి ఘనం లెక్కన పెరుగుతుంది, అంటే స్పీడు 10 శాతం పెంచాలంటే గాలి కోసం పెట్టే పవర్ 33 శాతం పెంచాలి. ఇది ఫిట్‌గా ఉన్నప్పుడు ఏడిపించే రూలే, కానీ ఇప్పుడు మీవైపే పనిచేస్తుంది. మీ పవర్ 20 శాతం పడిపోయిందనుకోండి, స్పీడు ఏడెనిమిది శాతమే తగ్గుతుంది. ఒకప్పుడు 20 కిలోమీటర్లు 40 నిమిషాల్లో చేసినవాళ్ళకి ఇప్పుడు 43 నిమిషాలు, కొంచెం అటూ ఇటూ. వాట్స్ (పవర్ కొలత) చూసుకుంటే ఏడుపొస్తుంది, టైమ్ చూసుకుంటే మరీ అంత ఘోరంగా ఉండదు. అందుకే మొదట్లో టైమే చూసుకోండి.

స్టెప్ 1: డాక్టర్ దగ్గరికి, దాటేయకుండా

35 దాటిందా, ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ, గుండె జబ్బు ఉందా, కరోనా గట్టిగా వచ్చిపోయిందా, వీటిలో ఒక్కదానికి అవును అన్నా సరే ముందు డాక్టర్ని కలవండి. బీపీ, షుగర్, లిపిడ్ ప్రొఫైల్, ఈసీజీ, అవసరమనిపిస్తే ఆయనే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష) రాస్తారు. మన దేశంలో గుండె సమస్యలు పాశ్చాత్య దేశాల వాళ్ళకంటే కొన్నేళ్ళు ముందే వస్తున్నాయి, సన్నగా ఉన్నంత మాత్రాన వదిలిపెట్టవు, ఒకప్పుడు అథ్లెట్ అన్నది కూడా అడ్డు రాదు. టీటీ అంటే అరగంట నలభై నిమిషాలు గుండెని దాదాపు పైదాకా తోలడమే కదా. డాక్టర్‌కి "కొంచెం సైక్లింగ్ చేస్తానండి" అని కాకుండా "రేసులో ఫుల్ ఎఫర్ట్ పెడతాను" అని క్లియర్‌గా చెప్పండి, లేకపోతే ఆయన మీరు పార్కులో రౌండ్లు వేస్తారనుకుంటారు.

డెలివరీ తర్వాత తిరిగొచ్చే ఆడవాళ్ళు పెల్విక్ ఫ్లోర్ (పొత్తికడుపు కింది కండరాలు) చూసే ఫిజియోని ఒకసారి కలిసి ఓకే అనిపించుకుంటే మంచిది, ముందుకి వంగి కూర్చునే పొజిషన్‌లో అక్కడ ఒత్తిడి ఎక్కువ పడుతుంది. నడుం నొప్పితో ఆపేసినవాళ్ళకీ అంతే, ఫిజియో ముందు, ఏరో బార్లు (మోచేతులు ఆనించి ముందుకి వంగి పట్టుకునేవి) తర్వాత.

స్టెప్ 2: సైకిల్‌కి కూడా చెకప్

మూలన పడి ఉన్న సైకిల్‌కి గాలి కొట్టి చైన్‌కి ఆయిల్ పోసి బయల్దేరకండి. టైరు సైడ్లు వేలితో నొక్కి చూడండి, సన్న సన్న పగుళ్ళు కనిపిస్తే ట్రెడ్ ఎంత కొత్తగా ఉన్నా పారేయండి. ట్యూబ్‌లెస్ ఐతే లోపల సీలెంట్ ఎండిపోయి ఉంటుంది, తుడిచి కొత్తది పోయాలి. చైన్ చెకర్ (చైన్ ఎంత అరిగిందో కొలిచే పనిముట్టు) 0.5 దగ్గర దిగిపోతే చైన్ మార్చండి. బ్రేక్ ప్యాడ్లు గట్టిపడి ఉంటాయి, కేబుళ్ళు లోపల తుప్పు, హైడ్రాలిక్ ఐతే లీవర్ స్పాంజ్‌లా వెళ్ళిపోతుంటే బ్లీడ్ చేయించాలి, అంటే లోపలి గాలి తీయించాలి. పవర్ మీటర్ (ఎన్ని వాట్స్ తొక్కుతున్నారో చూపేది) ఉంటే దాంట్లో బటన్ సెల్ కారిపోయి ఉందేమో చూడండి.

అన్నిటికంటే ఎవరూ చూడనిది హ్యాండిల్ బార్. ఇంట్లో ట్రైనర్ (సైకిల్ని కదలకుండా బిగించి తొక్కే స్టాండ్) మీద గంటలు గంటలు తొక్కినవాళ్ళకి చెమట కారి కారి బార్ టేప్ కిందకి దిగుతుంది, అల్యూమినియం బార్ ఐతే ఆ ఉప్పు లోపల్లోపల తినేస్తుంది, పైకి టేప్ నీట్‌గానే కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో ఐతే ఇంకా త్వరగా. టేప్ ఊడదీసి చూడండి, తెల్లటి పొడి, గుంటలు ఉంటే బార్ మార్చేయండి, బేరాల్లేవు. 45 స్పీడులో బార్ విరిగితే ముందు పళ్ళే పోతాయి. స్టెమ్ బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించండి, ఎంత బిగించాలో స్టెమ్ మీదే రాసి ఉంటుంది, చాలావాటికి 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. పాత హెల్మెట్‌తో ఒక్కసారి పడి ఉన్నా కొత్తది కొనండి.

మీరు లేనప్పుడు మారింది ఇంకోటుంది, టైర్లు. అప్పట్లో 23 ఎంఎం టైరుకి 120 పీఎస్ఐ కొట్టి గొప్పగా ఫీలయ్యేవాళ్ళం. ఇప్పుడు ఫ్రేమ్‌లో పడితే 28 వేస్తున్నారు, 70 కిలోల మనిషికి 70 పీఎస్ఐ అటూ ఇటూ. మన రోడ్ల గరుకుదనానికి గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, ఎగిరిన ప్రతిసారీ కొంత శక్తి వేస్ట్, మెత్తగా ఉంటే రోడ్డుకి అతుక్కొని పోతుంది. హుక్‌లెస్ రిమ్ములైతే (టైరు అంచుని పట్టుకునే కొక్కెం లేనివి) మాత్రం 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదు, ఇది సలహా కాదు లిమిట్.

స్టెప్ 3: పాత నంబర్లు కనపడకుండా చేయండి

యాప్‌లో పాత ఎఫ్‌టీపీ (సుమారు గంటసేపు నిలబెట్టగలిగే గరిష్ఠ పవర్) అలాగే ఉంటుంది. దాన్ని తీసేయండి. పాత నంబర్ పెట్టుకొని జోన్ 2 (తేలికైన స్పీడు) తొక్కుదామని వెళ్తే అది ఇప్పటి మీ శరీరానికి టెంపో (ఓ మోస్తరు గట్టిది), టెంపో అనుకున్నది థ్రెషోల్డ్ (ఎఫ్‌టీపీ దగ్గరి పైహద్దు), రెండు వారాల్లో మోకాలో ఉత్సాహమో పోయి మళ్ళీ మూల చేరతారు. తిరిగొచ్చి మళ్ళీ మానేసినవాళ్ళలో ఎక్కువమంది మానేసేది ఇక్కడే, సోమరితనంతో కాదు.

మొదటి రెండు వారాలు టెస్టు పెట్టొద్దు. బ్రేక్ వచ్చాక ఒంట్లో ముందు తగ్గేది రక్తంలో ప్లాస్మా, దాంతో ఒక్కో దెబ్బకి గుండె పంపే రక్తం తగ్గి అదే స్పీడుకి హార్ట్ రేట్ ఎక్కువ కొడుతుంది. రెండు మూడు వారాలు రెగ్యులర్‌గా తొక్కితే ఇది చాలావరకు వెనక్కొస్తుంది. అందుకే మొదటి వారం హార్ట్ రేట్ చూసి కంగారు పడొద్దు, ఆ సమయంలో పెట్టిన టెస్టుని నమ్మొద్దు. మూడో వారం చివర్లో 20 నిమిషాల టెస్టు పెట్టండి, వచ్చిన యావరేజ్ పవర్‌లో 95 శాతం మీ కొత్త ఎఫ్‌టీపీ. పవర్ మీటర్ లేకపోతే ఒక రూట్ పెట్టుకోండి, 8 నుంచి 10 కిలోమీటర్లు, సిగ్నల్ లేనిది, పోయి రావడం లాంటిది, ఎందుకంటే ఒకవైపే ఐతే గాలి మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఇంకో చిక్కు: గుండె, ఊపిరితిత్తులు త్వరగా దారికొస్తాయి, టెండన్లు (కండని ఎముకకి కట్టి ఉంచేవి), మోకాలి చుట్టూ ఉన్నవి నెమ్మదిగా వస్తాయి. ఆరో వారం వచ్చేసరికి ఊపిరి బాగుందని పెద్ద గేర్ వేసి నొక్కాలనిపిస్తుంది. ఆగండి. నిమిషానికి 85, 90 చుట్లు తిరిగేలా చిన్న గేర్‌లోనే ఉండండి.

స్టెప్ 4: మొదటి నెల, బోర్ కొట్టినా సరే

వారానికి మూడు రోజులు, కుదిరితే నాలుగు. రెండు రోజులు గంట చొప్పున, ఆదివారం రెండు గంటలు, అన్నీ మాట్లాడుకుంటూ తొక్కగలిగే స్పీడులో. పక్కనోడితో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారంటే స్పీడ్ ఎక్కువైనట్టు. వారానికి ఒక రోజు మాత్రం ఒక్కో నిమిషం చొప్పున ఐదారుసార్లు కొంచెం వేగంగా కాళ్ళు తిప్పండి, బలంగా కాదు, వేగంగా, కాళ్ళకి గుర్తు రావాలి అంతే.

హైదరాబాద్ వాళ్ళకి ఈ దశకి బెస్ట్ ప్లేస్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్, 2023 అక్టోబర్‌లో ఓపెన్ అయ్యింది, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో ముక్క, రెండూ కలిపి 23 కిలోమీటర్లు. అంతకుముందే మీరు తొక్కడం ఆపేసి ఉంటే ఇది మీకు కొత్త. లారీల గోల లేదు, నెత్తిన నీడ, బేస్ రైడ్లకి చక్కగా సరిపోతుంది. కానీ అక్కడ ఏరో బార్ల మీద తల దించుకొని ఫుల్ ఎఫర్ట్‌లు కొట్టకండి ప్లీజ్, పిల్లలు ఉంటారు, అద్దె సైకిల్ మీద సెల్ఫీ తీసుకునేవాళ్ళు ఉంటారు, ట్రాక్ వెడల్పు 4.5 మీటర్లే. గట్టి ఇంటర్వెల్స్‌కి (కొన్ని నిమిషాలు గట్టిగా తొక్కి, తేలిగ్గా తిప్పి, మళ్ళీ గట్టిగా తొక్కడం) సర్వీస్ రోడ్డో, ఊరి బయట ఖాళీ రోడ్డో వెతుక్కోండి, అదీ ఐదున్నర ఆరింటికల్లా. ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదకి మాత్రం ఎక్కొద్దు, అక్కడ బైకులనే రానివ్వరు, సైకిల్ సంగతి చెప్పక్కర్లేదు. విశాఖలో ఐతే భీమిలి బీచ్ రోడ్డు ఉండనే ఉంది, ఎండెక్కి సముద్రం గాలి లేచేలోపు తిరిగొచ్చేయాలి.

ట్రాఫిక్‌కి భయపడో పిల్లల్ని స్కూలుకి పంపే టైమ్ వల్లో ఇంట్లో ట్రైనర్ మీద చేసేవాళ్ళు ఫ్యాన్ దగ్గర పిసినారితనం చూపించకండి. ఏప్రిల్లో గదిలో ఫ్యాన్ లేకుండా తొక్కితే 15 నిమిషాలకే హార్ట్ రేట్ ఎక్కి కూర్చుంటుంది, అది ఫిట్‌నెస్ లేక కాదు, వేడి. జ్విఫ్ట్‌లో (ట్రైనర్‌కి కలుపుకొని తొక్కే ఆన్‌లైన్ యాప్) టీటీ బైక్ ఎంచుకుంటే డ్రాఫ్టింగ్ (ముందువాళ్ళ వెనక గాలి చాటున పోవడం) పనిచేయదు కాబట్టి ఒంటరిగా పేస్ పట్టుకునే ప్రాక్టీసుకి బాగానే ఉంటుంది.

స్టెప్ 5: ఐదారో వారంలో మొదటి ఈవెంట్, మామూలు రోడ్ బైక్‌తో

ఇదే అందరూ వాయిదా వేసే స్టెప్. "ఇంకో ఐదు కిలోలు తగ్గాక", "వీల్స్ కొన్నాక", "వానలు పోయాక", ఇవన్నీ నాకు తెలిసినవాళ్ళ నోటి నుంచి ఏళ్ళ తరబడి వింటున్న మాటలే, వాళ్ళు ఇంకా రాలేదు. ఫిట్‌నెస్ ఎంట్రీ ఫీజు కట్టాక వస్తుంది, కట్టకముందు రాదు. పైగా ఈ మొదటి ఈవెంట్ ఫిట్‌నెస్ కోసం కానే కాదు, పొద్దున 3:45కి అలారం, సైకిల్ కారులో ఎక్కించడం, నంబర్, లైన్లో నిలబడ్డప్పుడు కడుపులో తిప్పడం, చివరి ఐదు కిలోమీటర్లలో "ఎందుకొచ్చాన్రా బాబూ" అనే ఘట్టం, ఇవన్నీ మర్చిపోయి ఉంటారు, వాటిని రిహార్సల్ చేయడానికి.

ఈవెంట్ ఎక్కడ దొరుకుతుందంటే, హైదరాబాద్, విజయవాడ, విశాఖ సైక్లింగ్ గ్రూపుల్ని అడగండి, పెద్ద పేరున్నది కాకపోయినా క్లబ్ వాళ్ళు స్టాప్‌వాచ్ పట్టుకొని పెట్టే 15, 20 కిలోమీటర్ల టీటీ చాలు. బెంగళూరులో ఉన్న మనవాళ్ళకి బెంగళూరు బైసికిల్ ఛాంపియన్‌షిప్స్ ఏళ్ళుగా నడుస్తోంది, వాళ్ళ క్యాలెండర్‌లో టీటీలు ఉంటాయి. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళు ఐతే అదృష్టవంతులు, అక్కడ ఈ ఆటకి పుట్టిల్లు ఉంది, వేసవిలో వీక్‌డే సాయంత్రాలు లోకల్ క్లబ్బులు 10 మైళ్ళ టీటీ పెడుతూనే ఉంటాయి, అంటే 16 కిలోమీటర్లు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ రోడ్ల మీద గుంపు రేసులు కుదరనప్పుడు పోలీసుల కంట పడకుండా నల్ల బట్టలు వేసుకొని, కోర్సులకి కోడ్ పేర్లు పెట్టుకొని, తెల్లారుజామున ఒక్కొక్కర్నీ విడివిడిగా వదిలేవాళ్ళు. మనం తెల్లారుజామున తొక్కేది మాత్రం లారీలకీ ఎండకీ భయపడి.

క్లిప్-ఆన్ బార్లు (మామూలు హ్యాండిల్‌కి బిగించే ఏరో బార్లు), ఏరో హెల్మెట్ ఏవీ వద్దు ఈసారికి. చాలా ఈవెంట్లలో రోడ్ బైక్ కేటగిరీ విడిగా ఉంటుంది, అందులో వేయండి. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ టైమ్ టార్గెట్ చెప్పొద్దు, అసలు పెట్టుకోకపోతే ఇంకా మేలు.

స్టెప్ 6: ఆ తర్వాత ఆరేడు వారాలు గట్టి పని

మొదటి ఈవెంట్ అయ్యాక మూడు నాలుగు రోజులు తేలిగ్గా తొక్కి, అప్పుడు అసలు ట్రైనింగ్. వారానికి గట్టి సెషన్లు రెండే, నలభై దాటినవాళ్ళు అస్సలు మూడో దానికి ఆశపడొద్దు, కండ ట్రైనింగ్‌లో కాదు నిద్రలో పెరుగుతుంది.

మంగళవారం స్వీట్ స్పాట్, ఎఫ్‌టీపీలో 88 నుంచి 94 శాతం, మొదట 10 నిమిషాలవి రెండు, వారం వారం పెంచుకుంటూ 20 నిమిషాలవి రెండు దాకా. గురువారం దానికంటే కారం ఎక్కువ, ఎనిమిది నిమిషాలవి మూడు, ఎఫ్‌టీపీ దగ్గరే. కొన్ని వారాలయ్యాక ఓవర్-అండర్లు కలపండి, అంటే రెండు నిమిషాలు 95 శాతం, ఒక నిమిషం 105, మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి, అలా పది నిమిషాలు ఆపకుండా. దక్కన్ రోడ్లు ఎత్తుపల్లాలే కాబట్టి రేసులో జరిగేది అచ్చంగా ఇదే, ఎత్తు మీద కొంచెం పైకి పోతారు, ఆయాసంలోనే మళ్ళీ పేస్‌లోకి రావాలి. ఆదివారం రెండున్నర గంటలు లాంగ్. ప్రతి నాలుగో వారం సగానికి తగ్గించండి. ఈవెంట్ వారం గట్టి సెషన్ ఒక్కటే, అదీ బుధవారంలోపు, చిన్నది.

పవర్ మీటర్ లేదా, పర్లేదు. స్వీట్ స్పాట్ అంటే నాలుగు మాటలు ఒక్క ఊపిరిలో చెప్పగలగాలి, థ్రెషోల్డ్ అంటే ఒకటి రెండు మాటలే.

ఎండాకాలం ఈవెంట్ ఐతే పది పద్నాలుగు రోజుల ముందు నుంచి కొన్ని రైడ్లు కొంచెం ఎండెక్కాక చేయండి, శరీరం చెమట పట్టడం త్వరగా మొదలుపెట్టడం నేర్చుకుంటుంది. కానీ తేలికైన రైడ్లే, ఇంటర్వెల్స్ కాదు. తల తిరిగినా చలేసినట్టు అనిపించినా వెంటనే నీడకి. ఓఆర్ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్ళలో, పెద్ద ప్యాకెట్ ఐతే ఒక లీటర్‌లో, కలపాలి, సీసాలో సగం నీళ్ళలో మొత్తం ప్యాకెట్ పోసేయడం కాదు.

స్టెప్ 7: పొజిషన్ ముందు, షాపింగ్ చివర

గాలి నిరోధంలో నాలుగింట మూడొంతుల పైనే మీ ఒంటిదే, సైకిల్‌ది మిగతాది. అంటే రెండు లక్షల వీల్స్ కంటే భుజాలు దగ్గరికి లాక్కోవడం, తల దించి మెడ పొట్టిగా చేయడం ఎక్కువ పనిచేస్తుంది, అదీ ఉచితంగా. కానీ అప్పటి ఫిట్ ఇప్పుడు పనికిరాదు. పొట్ట వచ్చింది, తొడ వెనక కండరాలు బిగుసుకున్నాయి, ఆఫీసు కుర్చీ వల్ల నడుం వంగనంటోంది. హ్యాండిల్ కింద రెండు స్పేసర్లు (ఎత్తు పెంచే రింగులు) వేసి ఎత్తు పెంచండి, సిగ్గుపడాల్సిందేం లేదు. ఎక్కువ వంగి పవర్ తొక్కలేక, ఊపిరి అందక పదో నిమిషంలో లేచి కూర్చుంటే వంగిన లాభం అంతా అక్కడే పోయింది. 40 నిమిషాలు కదలకుండా ఉండగలిగే పొజిషనే మీ ఏరో పొజిషన్. పైకెత్తినప్పుడు తొడ పొట్టకి తగులుతుంటే క్రాంక్ (పెడల్ బిగించే చేయి) పొట్టిది, 170 ఎంఎం ఉంటే 165 వేయించుకోవచ్చు, ఈమధ్య చాలామంది అలాగే చేస్తున్నారు.

క్లిప్-ఆన్ బార్లు రెండో ఈవెంట్ నుంచి చాలు. మొదట ట్రైనర్ మీద, తర్వాత ఖాళీ రోడ్డు మీద, ఐదు నిమిషాలు, పది, పదిహేను, అలా పెంచండి, ముందు మొరాయించేది మెడే. ఏరో బార్ల మీద ఉన్నప్పుడు చేతికి బ్రేక్ అందదు, సైకిల్ తిప్పడం కష్టం, కాబట్టి ట్రాఫిక్‌లో, గుంపులో, కుక్కలున్న వీధిలో అస్సలు వద్దు. తల పూర్తిగా దించేసి తెల్ల గీత చూసుకుంటూ పోయేవాళ్ళు ఆగి ఉన్న ట్రాక్టర్‌ని గుద్దుకున్న కథలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి.

ఖర్చు పెట్టాలనిపిస్తే ఈ వరసలో పెట్టండి: ఒంటికి అతుక్కునే జెర్సీ లేదా స్కిన్‌సూట్, మంచి టైర్లు, క్లిప్-ఆన్లు, ఏరో హెల్మెట్, ముందు వీలు. టీటీ ఫ్రేమ్ ఒక సీజన్ అంతా ఆడాక కూడా ఇంకా ఇష్టంగా ఉంటే అప్పుడు.

1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు మీకు తెలిసే ఉంటుంది. గ్రెగ్ లెమాండ్‌కి 1987లో వేటలో తుపాకీ గుండ్లు తగిలి రెండు టూర్లు పోయాయి, తిరిగొచ్చాక ఆఖరి 24.5 కిలోమీటర్ల టీటీకి ముందు లీడర్ లారెంట్ ఫిన్యోన్ కంటే 50 సెకండ్లు వెనకబడి ఉన్నాడు. ఏరో బార్లు పెట్టుకొని దిగాడు, ఫిన్యోన్ మామూలు హ్యాండిల్, హెల్మెట్ లేకుండా పిలక ఎగరేసుకుంటూ వచ్చాడు. టూర్ మొత్తం మీద తేడా 8 సెకండ్లు, గెలిచింది లెమాండ్. అందరూ బార్ల గురించే మాట్లాడతారు కానీ నాకు నచ్చింది ఇంకోటి, దారిలో టైమ్ గ్యాపులు తనకి చెప్పొద్దని ముందే టీమ్‌కి చెప్పేశాడు. మనకి టీమ్ కారు ఉండదు కానీ సైకిల్ కంప్యూటర్‌లో యావరేజ్ స్పీడ్ ఫీల్డ్ తీసేయడం మన చేతుల్లోనే ఉంది. తీసేయండి. ఎదురుగాలిలో యావరేజ్ 27 చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

స్టెప్ 8: పేసింగ్, అసలు గొడవంతా ఇక్కడే

తిరిగొచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా ఉండే జబ్బు ఇది. ఒంట్లో బలం తగ్గింది కానీ "ఇది నా రేస్ పేస్" అనే పాత జ్ఞాపకం అలాగే ఉంది. స్టార్ట్ అవ్వగానే కాళ్ళు ఆ పాత పేస్‌కి వెళ్ళిపోతాయి, మొదటి మూడు నిమిషాలు హాయిగా ఉంటుంది, ఎందుకంటే ఫ్రెష్‌గా ఉన్నారు, హార్ట్ రేట్ ఇంకా ఎక్కలేదు. నాలుగో నిమిషంలో అప్పులవాళ్ళంతా ఒకేసారి ఇంటికొచ్చినట్టు ఉంటుంది, మిగతా అరగంట వడ్డీ కట్టడమే.

20 కిలోమీటర్లు అనుకుందాం, 10 పోయి 10 రావడం. స్టార్ట్‌లో పది సెకండ్లు నిలబడి స్పీడ్ అందుకోండి, కూర్చోండి, అయిపోయింది హీరోయిజం. మొదటి 3 కిలోమీటర్లు టార్గెట్ పవర్‌కి ఐదు శాతం తక్కువలో, "ఇదేంటి ఇంత ఈజీగా ఉంది, అందరూ నన్ను దాటేస్తారేమో" అనిపించాలి, అనిపించకపోతే ఎక్కువ తొక్కుతున్నట్టే. 3 నుంచి యూ టర్న్ దాకా టార్గెట్ మీద. 10 నుంచి 17 దాకా ఉన్న ముక్క అత్యంత నీచమైనది, కొత్తదనం పోయింది, ఫినిష్ కనపడదు, మనసు ఆఫీసు మెయిల్స్ మీదకి పోతుంది, పవర్ తెలీకుండానే పది వాట్స్ జారిపోతుంది. ఇక్కడ ముక్కలుగా కోసుకోండి, ఆ సైన్ బోర్డు దాకా, ఆ కల్వర్ట్ దాకా. చివరి 3 కిలోమీటర్లు ఉన్నదంతా.

గాలి ఉంటే సమానంగా తొక్కొద్దు. ఎదురుగాలిలో నాలుగైదు శాతం ఎక్కువ, వెనకగాలిలో అంత తక్కువ. ఎదురుగాలిలో స్పీడ్ తక్కువ, ఎక్కువసేపు ఉంటారు, అక్కడ పెట్టిన ప్రతి వాట్ ఎక్కువ సెకండ్లు మిగులుస్తుంది. ఎత్తులూ అంతే, ఎక్కేటప్పుడు కొంచెం ఎక్కువ, దిగేటప్పుడు బాడీ ముడుచుకొని ఊపిరి తీసుకోండి, 50 దాటాక తొక్కి పెంచేది పెద్దగా ఉండదు. హైదరాబాద్ వైపు జూన్, జూలైలో పడమటి గాలి గట్టిగా ఉంటుంది, కోర్సు ఏ దిక్కుకి మొదలవుతుందో ముందే చూసుకోండి. పనిలో పని ఇంకో మాట, హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి గాలి సాంద్రత తీరం కంటే ఐదు శాతం దాకా తక్కువ, అంటే అవే వాట్స్‌కి విశాఖ కంటే ఇక్కడ కొంచెం స్పీడ్ వస్తుంది. విశాఖ ఫ్రెండ్‌తో టైమ్ పోల్చుకొని మురిసిపోయేముందు ఇది గుర్తుంచుకోండి.

యూ టర్న్ ప్రాక్టీస్ చేయండి, ఎవరూ చేయరు. 50 మీటర్ల ముందే ఏరో బార్ల మీద నుంచి లేచి, చిన్న గేర్‌కి మార్చి, బ్రేక్ వేసి, లోపలివైపు పెడల్ పైకి పెట్టి, చూపు కోన్ మీద కాకుండా బయటికి వెళ్ళే దారి మీద. పెద్ద గేర్‌లోనే తిరిగితే మళ్ళీ స్పీడ్ అందుకోడానికి తొడలు కాలిపోతాయి. అక్కడ ఇసుక ఉంటుంది, మన రోడ్డు మీడియన్ల దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

స్టెప్ 9: ఆ రోజు

ముందు రోజు రాత్రి బిర్యానీ వద్దు, అన్నం పప్పు పెరుగు చాలు. 20 కిలోమీటర్లకి జెల్స్ అక్కర్లేదు, ఒంట్లో ఉన్న గ్లైకోజెన్ సరిపోతుంది. స్టార్ట్ ఆరింటికైతే నాలుగింటికి రెండు మూడు ఇడ్లీలు, చట్నీ తక్కువ, లేదా అరటిపండు, బ్రెడ్ తేనె. కాఫీ అలవాటుంటే 45 నిమిషాల నుంచి గంట ముందు స్ట్రాంగ్‌గా ఒకటి. అలవాటు లేనిది ఆ రోజు ఏదీ మొదలుపెట్టొద్దు.

నంబర్ నాలుగు మూలలా కాకుండా ఏడెనిమిది పిన్నులతో గట్టిగా పెట్టించుకోండి, జెర్సీ వేసుకొని ముందుకి వంగినప్పుడు ఇంకొకరు పెట్టాలి, లేకపోతే గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. వెనక ఎర్ర లైట్ వేసుకోండి, రూల్ ఉన్నా లేకపోయినా.

వార్మప్ 20 నిమిషాలు, తేలిగ్గా మొదలుపెట్టి చివర్లో ఒక్కో నిమిషం మూడుసార్లు రేస్ పేస్‌లో. ముసలి ఇంజిన్‌కి వార్మప్ ఎక్కువ కావాలి. మీ స్లాట్‌కి ఐదు నిమిషాల ముందు లైన్ దగ్గర ఉండండి, లేటైతే గడియారం మీకోసం ఆగదు, మీ టైమ్ మీ స్లాట్ నుంచే లెక్క. చైన్ మధ్య గేర్‌లో ఉందో లేదో చూసుకోండి. సీటు పట్టుకునే వాలంటీర్ ఉంటే రెండు క్లీట్లూ (బూటుని పెడల్‌కి బిగించేవి) పెట్టేసుకోండి, నమ్మకం లేకపోతే ఒక కాలు కింద పెట్టి స్టార్ట్ అవ్వొచ్చు, పోయేది రెండు సెకండ్లే.

వెనక నుంచి ఎవరైనా దాటేస్తే వాళ్ళ చక్రం పట్టుకోవద్దు, డ్రాఫ్టింగ్ కింద టైమ్ కొట్టేస్తారు. వాళ్ళు పోయేదాకా కొంచెం తగ్గి మీ పేస్‌లో మీరుండండి. మీరు దాటేటప్పుడు కుడివైపు నుంచి, వెనక్కి చూసుకొని, ఒక కేక వేసి దాటండి.

స్టెప్ 10: అయిపోయాక

ఫినిష్ తర్వాత వెంటనే ఆగి కూలబడకండి, పది నిమిషాలు మెల్లగా తిప్పండి. ఛాతీలో బిగుతు, ఎడమ చేయి లాగడం, మామూలు ఆయాసం కాని ఆయాసం ఉంటే రిజల్ట్స్ కోసం ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికి. అంతా బాగుంటే ఇంటికెళ్ళాక, అప్‌లోడ్ చేసేముందు, ఐదు విషయాలు రాసుకోండి: టైమ్, గాలి ఎటు నుంచి, ఎంత వేడి, ఎన్నో కిలోమీటర్ దగ్గర కష్టమైంది, మొదట తిరగబడింది ఏది, ఊపిరా కాళ్ళా మెడా. ఊపిరైతే గురువారం సెషన్లు పెంచాలి, కాళ్ళైతే గేర్ తగ్గించి లాంగ్ రైడ్లు పెంచాలి, మెడ ఐతే హ్యాండిల్ కింద ఇంకో స్పేసర్. తర్వాతి ఈవెంట్ కనీసం మూడు వారాల దూరంలో పెట్టుకోండి, అదే కోర్సు ఐతే మరీ మంచిది, పోల్చుకోవాల్సింది ఈ కాగితంతోనే కాబట్టి.